గేదెలు దిగే వేళ

పోయిన నెల ఇల్లు మారాం. క్వార్టరు గడువు ముగిసింది. యమునకు అవతలి ఒడ్డున కొనుక్కున్న ఫ్లాటు సిద్ధమైంది. సామాను సర్దడంలో నాకు అప్పగించిన పని ఒకటే, నా డైరీలు నేనే సర్దుకోవడం. ఇంకెవరు ముట్టుకున్నా వరస తప్పుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కొక్కటీ తీసి, దుమ్ము దులిపి, అట్ట మీద సంవత్సరం చూసి పెట్టెలో పెడుతున్నాను. ఒకదాన్ని దులిపినప్పుడు పల్చగా, గుండ్రంగా, గోరంత ముక్క ఒకటి ఒళ్ళో పడింది.

మా ఆవిడ వంగి చూసి, “ఏవిటండీ అది, కాలిగోరా? డైరీలో దాచుకున్నారా?” అంది.

కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశాను. అభ్రకంలా మెరిసింది. దాని మీద వెంట్రుకల్లాంటి సన్నటి వలయాలు. చేప పొలుసు. అది ఏ పేజీలోంచి పడిందో వెతకడం కష్టం కాలేదు. ఒక పేజీ మధ్యలో దాని ఆకారంలోనే పసుపుపచ్చటి మరక ఉంది. మరక చుట్టూ స్కేలుతో గీసిన పట్టిక, ఐదు వరసలు, నాలుగు గడులు. చోటు, ఒడ్డు, లోతు, మార్కులు. ఐదు వరసలనీ అడ్డంగా కొట్టేశాను, స్కేలు లేకుండా.

ఆ మధ్యాహ్నం డైరీలు సర్దడం అక్కడితో ఆగిపోయింది.

అప్పుడు మేం కటవారియా సరాయ్‌లో ఉండేవాళ్ళం. మేం అంటే నేనూ, కరీంనగర్ నుంచి వచ్చిన మిత్రుడూ. ఇద్దరం సివిల్ సర్వీసు పరీక్షకు చదువుతున్నాం. మూడంతస్తుల ఇల్లు, పైన బర్సాతీ, అంటే డాబా మీద ఒంటి గది. రెండు నవ్వారు మంచాలు, మధ్యలో కిరసనాయిలు స్టవ్వు, గోడ పొడుగునా జెరాక్సు నోట్సుల దొంతర్లు. ఆ వీధిలో ఎటు తిరిగినా చదువుకునేవాళ్ళే. పొద్దున నీళ్ళ పంపు దగ్గర పళ్ళు తోముకుంటూ రాజ్యాంగ అధికరణాలు వల్లెవేసేవాళ్ళు, ఎస్టీడీ బూతు ముందు వరసలో నిలబడి పాత ప్రశ్నపత్రాలు చదివేవాళ్ళు. ఇంటిమీద బెంగ పెట్టుకున్న ఆదివారం అశోకా రోడ్డులోని మన రాష్ట్ర భవనం క్యాంటీనుకు వెళ్ళి, సాంబారూ గోంగూరా కడుపునిండా తిని, రింగురోడ్డు బస్సులో నిద్రపోతూ తిరిగివచ్చేవాళ్ళం.

నాకది ఆఖరి ప్రయత్నం. వయసు ఒప్పుకునేది ఆ ఒక్కసారికే. పరీక్ష ఐదు వారాల్లో ఉంది.

ఇంటి యజమాని సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైనవాడు. ఊరంతా సుబేదార్ సాబ్ అనేవాళ్ళు, మేమూ అంతే. ఆయన భార్యను మాతాజీ అనేవాళ్ళం. ఆమె పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టలేదు. ఆయన మాత్రం అస్సాంలో బ్రహ్మపుత్ర పక్కన ఏళ్ళ తరబడి పనిచేసి, చేప రుచి మరిగి వచ్చాడు. ఆ ఇంట్లో చేప మాట ఎత్తడానికి వీల్లేదు. అందుకని నెలకు రెండు ఆదివారాలు ఆయన పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ఒకటి లుంగీ చాటున పెట్టుకుని మా గదికి ఎక్కివచ్చేవాడు. మా మిత్రుడు మెంతులు వేసి, చింతపండు పిసికి పులుసు పెట్టేవాడు. సుబేదార్ సాబ్ మంచం పట్టె మీద కూర్చుని, మీసాలు రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకుని తినేవాడు. తర్వాత రెండు ఏలకులు నమిలి, సోంపు బుగ్గన పెట్టుకుని, “పిల్లలకి లెక్కలు చెప్పి వస్తున్నా” అని కింద చెప్పేవాడు. మా ఇద్దరికీ లెక్కల పేపరే లేదు.

మాకు తెలిసినంతలో ఆమెకు ఏమీ తెలియదు.

అలా ఏడాది గడిచాక, ఒక ఏకాదశి సాయంత్రం మాతాజీ తులసికోట దగ్గర దీపం పెడుతుంటే, ఎదురింటి పిల్లి మా డాబా పిట్టగోడ మీంచి వాకిట్లోకి దూకి, ఆమె ముందే తీరిగ్గా కూర్చుని నోట్లోది కింద పెట్టింది. అది చేప తల. ముందటి రోజుది.

ఆమె అరవలేదు. తల మీది కొంగు సర్దుకుని మెట్ల దగ్గరికి వచ్చి మమ్మల్నిద్దర్నీ కిందికి పిలిచింది. వచ్చే సోమవారం పొద్దున గంగాజలం ముట్టుకుని ప్రమాణం చెయ్యాలి, ఈ గుమ్మం దాటి చేప లోపలికి రాదని. చెయ్యకపోతే అదే రోజు సామాను కట్టుకోవాలి. అంతే. పక్కన సుబేదార్ సాబ్ ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు.

మాకు ప్రాణం లేచివచ్చింది. ప్రమాణమే కదా, ఇప్పుడే చేస్తాం అనుకున్నాం. కానీ ఆమె పూజకు లోపలికి వెళ్ళిందో లేదో ఆయన మా వెనకే డాబా ఎక్కి తలుపు వేశాడు.

“ప్రమాణం చేస్తే మీకు గది దక్కుతుంది, అచ్ఛా. మరి నేను? ఈ వయసులో పాలకూర తింటూ కూర్చోవాలా?”

తన చేపల సంగతి తేలేదాకా మేం ప్రమాణం చెయ్యడానికి వీల్లేదన్నాడు. చేస్తే ఈ గదిని నాలుగు నెలలుగా అడుగుతున్న కోచింగ్ సెంటరు మనిషికి ఇచ్చేస్తానన్నాడు. ఆమె మాట వింటే ఆయన పొమ్మంటాడు, ఆయన మాట వింటే ఆమె పొమ్మంటుంది. పరీక్షకు ఐదు వారాల ముందు ఆ సరాయ్‌లో గాని, పక్కనున్న జియా సరాయ్‌లో గాని ఖాళీ మంచం దొరకడం అసాధ్యం. మా మిత్రుడు నోట్సుల దొంతర్ల వంక చూస్తూ కూలబడ్డాడు.

సుబేదార్ సాబ్ గదిలో మూడడుగులు అటూ మూడడుగులు ఇటూ నడిచి, చివరికి తీర్పు చెప్పాడు. “చేప ఇంటికి రాకూడదు. ఠీక్ హై. మనమే చేప దగ్గరికి పోదాం.” తర్వాత నా వైపు వేలు చూపించాడు. “నువ్వు గోదావరి మనిషివి కదా, బేటా. నదిలో చోటు చూపించు. అక్కడే పట్టి, అక్కడే వండి, అక్కడే తిని, చేతులు కడుక్కుని వద్దాం. ఆదివారం చోటు దొరికిందా, సోమవారం నేనే దగ్గరుండి ప్రమాణం చేయిస్తాను.”

దొరక్కపోతే అని అడిగాను. దొరక్కపోతే గది వెతుక్కోమన్నాడు. కోపంగా అనలేదు, అదే బాధగా ఉంది.

తప్పు నాదే. పులుసు తినే ఆదివారాల్లో ఆయన బ్రహ్మపుత్ర కబుర్లు చెబుతుంటే, నేనూ ఊరుకోలేక మా తాతయ్య గురించి కోతలు కోసేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని ఏటిలో ఎక్కడ చేప ఉందో చెప్పేవాడనీ, ఆ విద్యంతా నాకు నేర్పాడనీ. తాతయ్య ఉన్నమాట నిజం. మా లంకలో పొగాకు పండించేవాడు. ఆయనకో చిన్న దోనె ఉండేది. నాకు ఏడేళ్ళప్పుడు ఒక వేసవి అంతా నన్ను వెంట తీసుకెళ్ళిన మాట కూడా నిజం. మిగతాది నా కల్పన.

ఆ వేసవిలో నేను చేసింది చాలావరకు నిద్ర. తెల్లవారుజామున లేపి, పంచె చెంగు భుజాన కప్పి, దోనెలో కూర్చోబెట్టేవాడు. చెక్కలకు పూసిన తారు వాసన, ఆయన చుట్ట వాసన, తడి ఇసక వాసన. అడుగున పరిచిన గోనె మీద పడుకుంటే, చెక్క కింద నీళ్ళు చెవిలో గుసగుసలాడుతున్నట్టు ఉండేది. ఎండ ముఖాన కొట్టాక లేచి చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తినేవాణ్ణి. వేయించిన తవుడులో బెల్లం కలిపి ఎరకోసం ఉండలు చేసి పెట్టుకునేవాడు తాతయ్య. ఆయన అటు తిరిగినప్పుడు నేను ఆ ఉండలు చిదిపి బెల్లం ఏరుకుని తినేవాణ్ణి. “ఇవాళేంట్రా, చేపలు ముట్టడం లేదు” అని ఆయన ఆశ్చర్యపోతే, నేనూ ఆయనతో పాటు ఆశ్చర్యపోయేవాణ్ణి.

ఒక్క విషయం మాత్రం నాకు నచ్చేది కాదు. తాతయ్య గాలం వేసే ముందు కనిపించిన ప్రతివాణ్ణీ పలకరించేవాడు. చాకిరేవులో బట్టలుతికే ఆయన్ని, బల్లకట్టు నడిపేవాణ్ణి, ఒడ్డున గడ్డి కోసే ముసలమ్మని. “ఏమ్మా, నిన్న నీళ్ళు ఎలా ఉన్నాయి? కొంగలు ఎటేపు వాలాయి?” అని దోనె ఆపి మరీ అడిగేవాడు. తాతయ్యకు ఏమీ తెలియదు కాబోలు, అందుకే అందర్నీ అడుగుతున్నాడని నాకు సిగ్గేసేది. దోనెలో తల దించుకుని కూర్చునేవాణ్ణి.

కటవారియా సరాయ్‌లో ఆ వారం నేను ఎవర్నీ అడగలేదు. నాకు తెలిసిన పద్ధతి వేరు. దర్యాగంజ్ ఆదివారపు పుస్తకాల సంతలో ఎప్పుడో కొన్న సర్వే పటం ఒకటి నా దగ్గర ఉంది. ఐచ్ఛికంగా భూగోళం తీసుకున్నాను కనక కొన్నాను. దాన్ని నేలమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టాను. నది వంపు తిరిగినచోట బయటి ఒడ్డున లోతు ఎక్కువ. ఉపనది కలిసేచోట మేత ఎక్కువ. వంతెన స్తంభాల వెనక సుడులు ఉంటాయి, చేప అక్కడ సేదదీరుతుంది. ఇసకదిబ్బ తోక దగ్గర నీళ్ళు నెమ్మదిస్తాయి. అన్నీ పుస్తకంలో ఉన్నవే. మూడు రోజులు కూర్చుని ఐదు చోట్లు ఎంచి, పదికి మార్కులు వేశాను. అన్నిటికన్నా పైన ఉపనది కలిసే చోటు. దానికి తొమ్మిది.

మా మిత్రుడు వీపు గోక్కుంటూ వచ్చి పట్టిక చదివాడు. “అన్నా, మనం పోతున్నది చేపలు పట్టనీకా, పరీక్ష రాయనీకా?”

ఆదివారం ఎన్ని గంటలకు బయల్దేరామన్నది నా జ్ఞాపకానికీ డైరీకీ పడదు. జ్ఞాపకంలో ఇంకా చీకటి. డైరీలో ఐదూ నలభై. మే నెల ఢిల్లీలో ఆ వేళకు తెల్లవారిపోతుంది కనక డైరీనే నమ్మాలి. సుబేదార్ సాబ్ మంచం కింద పాత మిలిటరీ కంబళిలో చుట్టి దాచిన రెండు వెదురు గాలపు కర్రలు తీసుకొచ్చాడు. అవి దోమతెర కర్రలని ఇంట్లో చెప్పి ఉంచాడట. మా మిత్రుడు స్టీలు డబ్బాలో చింతపండు నానబోసి, ఇంటి నుంచి వచ్చిన కారం, ఉప్పు, మెంతిపొడి పొట్లాలు కట్టుకున్నాడు. నేను పటం, డైరీ, రెండు పెన్నులు తీసుకున్నాను.

రెండు బస్సులు మారి నగరానికి ఉత్తరాన ఆనకట్ట దగ్గర దిగాం. మొదటి చోటు ఆనకట్టకు దిగువన ఉంది, నడిచే దూరంలోనే. పటం చూసుకుంటూ ముందు నేను నడిచాను. ఇంకా నది కనిపించకముందే వాసన వచ్చింది. పటంలో నీలిరంగు సన్నగీతగా, వంపులు తిరుగుతూ ఎంతో అందంగా ఉన్న నా ఉపనది సగం ఢిల్లీ మురికిని మోసుకొచ్చే పెద్ద నాలా. నల్లటి నీళ్ళ మీద తెల్లటి నురగ, నురగ మీద ఒక చెప్పు, తిరుగుతూ తిరుగుతూ యమునలోకి పోతోంది. ఆ పటం గీసిననాటికి అది నదే అయివుంటుంది. నేను అప్పటికి ఢిల్లీలో మూడేళ్ళుగా ఉంటున్నాను. వీధిలో చాయ్ అమ్మేవాణ్ణి అడిగినా చెప్పేవాడు.

“తొమ్మిది మార్కులొచ్చినది గిదేనా అన్నా?” అన్నాడు మా మిత్రుడు ముక్కు మూసుకుని.

సుబేదార్ సాబ్ ఎడమచేతిలో ఒక వేలు మడిచాడు.

ఆనకట్ట ఎగువకు తిరిగివచ్చేసరికి ప్రాణం కుదుటపడింది. అక్కడ నీళ్ళు పచ్చగా, ఇసక తెల్లగా ఉంది. యమున అక్కడ నిజంగా నదిలాగే ఉండేది. ఒడ్డున ఒక పడవవాడు ఉన్నాడు. బీహారు నుంచి వచ్చిన మల్లా కులస్థుడు, యాభై ఏళ్ళుంటాయి, బక్కపల్చటి మనిషి. సుబేదార్ సాబ్ అతనికి నన్ను చూపించి, ఈ బాబు గోదావరి నుంచి వచ్చాడు, ఇతను ఎటు చెబితే అటు పోనీ, మధ్యలో మాట్లాడొద్దు అని ఆజ్ఞ ఇచ్చాడు. అతను నన్నూ, నా చేతిలో పటాన్నీ చూసి తల ఊపి గెడ అందుకున్నాడు.

రెండో చోటు నది వంపు. ఎనిమిది మార్కులు. పటం ప్రకారం మేం లోతైన మడుగు మధ్యలో ఉండవలసిన వేళకు పడవ ఇసకను తాకి ఆగింది. ఎదురుగా కర్బూజా పాదులు, కీరా పాదులు. ఎవరో కుండతో నీళ్ళు పోస్తున్నారు. నది ఎప్పుడో పక్కకు జరిగిపోయింది. నా మడుగులో కర్బూజాలు పండుతున్నాయి.

నీళ్ళు పోస్తున్న ఆవిడ కుండ దించి, కంగారుగా పరుగెత్తుకొచ్చి, రెండు కర్బూజాలు పడవలో పెట్టి నాకు దండం పెట్టింది. అర్థం కాలేదు. ఆమె పడవవాడి భార్య అనీ, ఆ పాదులు వాళ్ళవేననీ అతను చెప్పాక తెలిసింది. చేతిలో పటం ఉన్నవాళ్ళు వచ్చారంటే పొలాలు కొలిచి ఖాళీ చేయించడానికే వచ్చారని వాళ్ళ లెక్క. అతను తమ భాషలో ఏదో చెప్పాడు. ఆమె కాసేపు నమ్మలేదు. నమ్మాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నడుం వంగిపోయేలా నవ్వింది.

“ఏమంటోంది?” అని అడిగాను.

“చేపలకి కాయితం చూపిస్తే వస్తాయా అంటోంది, బాబూజీ.”

సుబేదార్ సాబ్ రెండో వేలు మడిచాడు.

మూడో చోటు నీళ్ళ మీద తేలే ఇనప పీపాల వంతెన. దాని మీద ట్రాక్టర్లు పోతుంటే పీపాలన్నీ దడదడలాడుతున్నాయి. గంటసేపు గాలం వేసి కూర్చున్నాం. బెండు కదలలేదు. నాలుగో చోటు ఇసకదిబ్బ తోక. అక్కడ నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. పడవ ఇరుక్కుపోయి అందరం దిగి తొయ్యాల్సి వచ్చింది. సుబేదార్ సాబ్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని తోశాడు. ఎండ ఎక్కింది. మిగిలింది ఒక్క వేలు. ఐదో చోటు ఇంకా రెండు మైళ్ళు ఎగువన ఉంది. దానికి నేను వేసినవి ఐదు మార్కులు.

మా మిత్రుడు చింతపండు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతను తినడం గురించి ఆలోచించడం లేదు. సోమవారం నోట్సు దొంతర్లు ఎవరి గదిలో పెట్టాలా అని ఆలోచిస్తున్నాడు. నాకు తెలుసు, నేనూ అదే ఆలోచిస్తున్నాను. అన్నీ కట్టుకుని వీధిలో నిలబడడం, ఎవరి గదిలోనో మూల చాప వేసుకోవడం, ఆఖరి నాలుగు వారాలు అలా పోవడం. నేను ఇంకో అబద్ధం ఆడి ఆ ఐదో చోటుకు వెళ్ళమనవచ్చు. నోరు రాలేదు.

“సుబేదార్ సాబ్, నాకు చేపలు పట్టడం రాదు. మా తాతయ్య నాకేమీ నేర్పలేదు. చిన్నప్పుడు ఆయన పడవలో పడుకుని నిద్రపోయేవాణ్ణి. ఆయన ఎర ఉండల్లో బెల్లం తినేసేవాణ్ణి. ఇవన్నీ పుస్తకంలో చూసి రాసినవి.”

మా మిత్రుడు డబ్బా మూత గట్టిగా నొక్కాడు, అప్పటికే అది మూసే ఉంది.

సుబేదార్ సాబ్ నా చేతిలో డైరీ తీసుకుని, తెలుగు రాకపోయినా ఆ పట్టికనంతా పై నుంచి కిందికి చూశాడు. “రాత బాగుంది,” అన్నాడు. తిరిగి ఇచ్చేశాడు. “మా పల్టన్‌లో నీలాంటి క్లర్కు ఉండేవాడు. అతను గీసిన పటం పట్టుకుని మేం రెండు రోజులు టీతోటలో తిరిగాం.” తర్వాత అడిగాడు, “బెల్లం తింటే మీ తాత కొట్టలేదా?”

కొట్టలేదన్నాను. అలా అంటున్నప్పుడే నాకు తాతయ్య కళ్ళకు కట్టాడు. చేప సంగతి కాదు. దోనె ఆపి, చుట్ట చేత్తో పట్టుకుని, ఒడ్డున గడ్డి కోసే ముసలమ్మను అడుగుతున్న తాతయ్య. నేను సిగ్గుతో తల దించుకున్నాను గాని, తెలియనిది ఆయనకు కాదు, నాకు. ఆయన విద్య అదే. ఆ వేసవంతా నా కళ్ళ ముందే ఆయన దాన్ని వాడుతూనే ఉన్నాడు.

పొద్దుటినుంచి మా వెనక గెడ పట్టుకుని నిలబడ్డ మనిషి వైపు తిరిగాను. “భయ్యా, చేపలు ఎక్కడుంటాయి?”

“ఇప్పుడా?” అని అతను సూర్యుడి వంక చూశాడు. “ఇప్పుడైతే గేదెల రేవులో ఉంటాయి.”

ఎక్కడని అడిగితే వెనక్కి చూపించాడు. పొద్దున రెండుసార్లు దాని పక్క నుంచే వచ్చాం. ఎండ ఎక్కాక ఊళ్ళో గేదెలన్నీ నీళ్ళలో దిగుతాయట. అవి అడుగు బురద తొక్కి కదిలిస్తే, పురుగూ పుట్రా పైకి లేస్తాయి. వాటికోసం చేపలు గేదెల వెనకే వస్తాయి. అవి ఒడ్డెక్కాక ఆ రేవులో ఏమీ ఉండదు. పొద్దున చూపించినా మీరు ఏమీ లేదనేవాళ్ళు అన్నాడు.

“మరి చెప్పవేమయ్యా ఇంతసేపూ?” అన్నాడు సుబేదార్ సాబ్.

“మాట్లాడొద్దన్నారు కదా, సాబ్. బాబూజీ దగ్గర కాయితం ఉంది. నన్ను ఎవరూ అడగలేదు.”

నేను పొద్దున లేచిన గంట, టీ తాగిన గంట, పడుకున్న గంట కూడా డైరీలో రాసేవాణ్ణి. అంతటి వాణ్ణి ఆ పట్టికలో గంటకు గడి గీయలేదు. చోటూ ఒడ్డూ లోతూ రాసుకున్నాను గాని, చేపకీ ఒక వేళ ఉంటుందన్నది తట్టలేదు.

గేదెలు అప్పుడే దిగుతున్నాయి. ముప్పై దాకా ఉంటాయి, బుస్సుమంటూ, కొమ్ములు మాత్రం పైకి పెట్టి. వాటికి దిగువన నీళ్ళు టీ రంగులోకి తిరుగుతున్నాయి. పడవవాడు గెడ పాతి పడవ నిలిపాడు. అతని ఎర తడిపిన గోధుమపిండిలో ఇంగువ. మొదటి బెండు మునిగింది మా మిత్రుడిది. జెల్ల. దాన్ని కొక్కెం నుంచి తియ్యబోయి ముల్లు గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత రెండు రోహులు పడ్డాయి. వాటిలో పెద్దదాన్ని నేను ఒళ్ళోకి లాక్కుంటే తోకతో నా డైరీని కొట్టింది. ఆ పొలుసు అప్పటిదే అయివుండాలి. సుబేదార్ సాబ్ గాలానికి వాలుగ తగిలింది. పొడవుగా, వెండిబెత్తంలా ఉంది. అది లాగుతుంటే ఆయన లేచి నిలబడ్డాడు, పడవ ఒరిగింది, మేమిద్దరం ఆయన నడుం పట్టుకుని కూర్చున్నాం. ఒడుపుగా పడవలోకి దించాక ఆయన దాన్ని తాకకుండా కాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. బ్రహ్మపుత్ర వదిలాక తన చేత్తో పట్టిన మొదటి చేప అదేనట.

కర్బూజా పాదుల దగ్గర వాళ్ళ గుడిసె ముందు మట్టి పొయ్యి ఉంది. పడవవాడి భార్య ఆవనూనె ఇచ్చింది, ఆవముద్ద కూడా వెయ్యమంది. మా మిత్రుడు వద్దన్నాడు. ఆమె హిందీలో, అతను తెలంగాణ తెలుగులో, ఒకరి మాట ఒకరికి పూర్తిగా అందకుండానే పావుగంట వాదించుకున్నారు. చివరికి చింతపండు పులుసులోనే ఒక చెంచా ఆవముద్ద పడింది. “చల్, గిట్ల గూడ చూద్దాం” అన్నాడు మా వాడు. ఆకు డొప్పల్లో వేడి అన్నం, పైన పులుసు. ఐదుగురం గుడిసె నీడలో వరసగా కూర్చున్నాం. ఆవనూనె ఘాటు, చింతపండు పులుపు, పక్కనే పండిన కర్బూజాల తీపి వాసన. సుబేదార్ సాబ్ ఇక్కడ మీసాలు ఎత్తిపట్టుకోలేదు, వాటికి కూడా తినిపించాడు. మూడోసారి వడ్డించుకుంటూ ఎడమచేయి చాపి, మడిచిన నాలుగు వేళ్ళూ ఒక్కొక్కటిగా విప్పేశాడు.

అప్పుడు నాకు తెలియకుండానే పెద్ద నిట్టూర్పు వచ్చింది. మా మిత్రుడు నా వంక చూసి నవ్వాడు. వారం రోజుల్లో అతను నవ్వడం అదే మొదలు.

నదిలో మునిగి, ఒళ్ళు రుద్దుకుని, సోంపు నమిలి, సంచినిండా కీరాలు పట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరాం. మర్నాడు పొద్దున తులసికోట దగ్గర మాతాజీ రాగిచెంబుతో గంగాజలం పట్టుకుని నిలబడింది. మేమిద్దరం చెంబు ముట్టుకుని ప్రమాణం చేశాం. ఆమె చెంబు భర్త వైపు తిప్పింది. ఆయన తల వంచి, కుడిచేయి చాచి, మాకంటే గట్టిగా ప్రమాణం చేశాడు. అందులో ఒక్క అబద్ధం లేదు.

నేను మెట్లెక్కబోతుంటే ఆమె వెనక నుంచి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. “ముల్లేమీ గుచ్చుకోలేదు కదా ఆయనకి?”

నా కాలు మెట్టు మీదే ఆగిపోయింది. లేదు మాతాజీ అన్నాను.

“చిన్న ముళ్ళది అయితే ఏరి పెట్టండి. తొందరెక్కువ మనిషి,” అంది. నా ముఖం చూసి నవ్వు ఆపుకుంది. “ఇల్లు నాది, బేటా. కడుపు ఆయనది. లెక్కలు చెప్పడానికి పైకి వెళ్ళే మనిషికి నెలకు రెండుసార్లు ఏలకులెందుకు, నాకు తెలియదా?”

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నేను డాబా ఎక్కి తలుపు తీస్తే గది ఎలా ఉన్నది అలాగే ఉంది. రెండు మంచాలు, నోట్సుల దొంతర్లు, స్టవ్వు. కట్టవలసిన సామాను ఏదీ లేదు. కాసేపు గుమ్మంలోనే నిలబడి దాన్ని చూశాను. తర్వాత కూర్చుని సాయంత్రం దాకా చదివాను.

ఆ పరీక్షలో మొదటి మెట్టు దాటాను, చివరి మెట్టు దాటలేదు. వేరే ఉద్యోగం వచ్చింది, ఢిల్లీలోనే ఉండిపోయాను, రిటైరయ్యాను. దానికి చింతలేదు. ఆ గదిలో కూర్చుని, తీరిగ్గా, పూర్తిగా ప్రయత్నించి తప్పాను. వీధిలో నిలబడి తప్పలేదు. మా మిత్రుడు ఆ తర్వాతి ఏడాది నెగ్గాడు. ఇప్పుడు ఆ సరాయ్‌లో బర్సాతీలు లేవు, వాటి మీద ఇంకో మూడంతస్తులు లేచాయి. యమున దాటినప్పుడల్లా కొత్త ఇంటికి వెళ్ళే వంతెన మీంచి చూస్తాను. నా తొమ్మిది మార్కుల ఉపనదిలో ఆనాడు చూసిన తెల్లటి నురగ ఇప్పుడు నది వెడల్పునా ఉంది. కొత్త చోటుకు దారి తెలియకపోతే ఫోనులో పటం తీసే ముందు ఆటోవాణ్ణి అడుగుతాను. మా ఆవిడకు అది నామోషీ.

పొలుసును మళ్ళీ దాని మరక మీదే పెట్టి డైరీ మూయబోతూ, ఆ రోజు కింద ఏం రాసుకున్నానో చదివాను. మూడే ముక్కలు.

“గది నిలిచింది. చేపలు నాలుగు. పులుసులో ఉప్పు ఎక్కువైంది.”

మొదటి రెండూ నిజమే. మూడోది మాత్రం నేను ఒప్పుకోను. నా డైరీ రాసినదాన్ని ఇన్నేళ్ళలో నేను ఒప్పుకోకపోవడం ఇదే మొదలు.